పెరుగు తింటున్నా దురద మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది?

గోదావరి జిల్లాల్లోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. వయసు 36. ప్రైవేటు స్కూల్లో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతారు. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి ఆరేళ్లు. అత్తయ్యగారు వీళ్లతోనే ఉంటారు.

గడిచిన ఏడాదిలో ఆమెకు నాలుగుసార్లు ఇదే బాధ వచ్చింది. కింద భరించలేని దురద, మంట, విరిగిన పాలలా తెల్లగా ముద్దలుగా డిశ్చార్జ్, మూత్రానికి వెళ్తే చర్మం మీద కారం పడ్డట్టు ఉండటం. మొదటి రెండుసార్లు మెడికల్ షాపులో విషయం సగం చెప్పి, సగం మింగేసి, ఒక మాత్ర తెచ్చుకుని వేసుకున్నారు. మూడు నాలుగు రోజుల్లో తగ్గింది. మూడోసారి అదే షాపువాళ్లు ఒక క్రీమ్ ఇచ్చారు. రాసుకున్న రోజు హాయిగా ఉంది, మానేసిన వారానికి మళ్లీ మొదలైంది. అప్పుడే ఫోన్లో ఒక వీడియో చూశారు: పెరుగులో దూది ముంచి లోపల పెట్టుకుంటే ఫంగస్ మూలం నుంచి పోతుందని. రెండు రాత్రులు అలా చేశారు. మర్నాడు క్లాసులో కుర్చీలో కూర్చోలేకపోయారు.

ఆ తర్వాత మందులన్నీ పక్కన పెట్టి, తిండితోనే నయం చేసుకోవాలని నిర్ణయించుకున్నారు. పొద్దున తరవాణి అన్నం, రెండు పూటలా పెరుగు, మధ్యాహ్నం మజ్జిగ, వీటికి తోడు ప్రోబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవులుండే) గుళికలు. స్వీట్లు మానేశారు. రెండు నెలలు ఏ బాధా లేదు. "ఇక పోయిందనుకున్నాను. ఈలోగా గొంతు నొప్పి వచ్చి అయిదు రోజులు యాంటీబయోటిక్ వాడాను. పదిహేను రోజులకే మళ్లీ అదే దురద. పెరుగు పనిచేయదా, లేక నేనే సరిగా తినడం లేదా?" అని అడిగారు.

ఇంట్లో పరిస్థితి దీనికన్నా బరువుగా ఉంది. అత్తయ్యగారు "ఒంట్లో వేడి, తెల్లబట్ట ఆడపుట్టుక పుట్టిన అందరికీ ఉండేదే" అని బార్లీ నీళ్లు కాచి ఇస్తున్నారట. భర్త ఒక రాత్రి "ఇది అసలు ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె పిల్లల గదిలో పడుకుంటున్నారు. ఊళ్లో ఉన్నది మగ డాక్టరే. లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లాలంటే నలభై కిలోమీటర్లు, ఒక రోజు జీతం కోత. చివర్లో, సంతకం పెట్టే చోటుకి కాస్త పైన, ఒక్క వాక్యం ఉంది: "రెండో కానుపులో షుగర్ వచ్చింది కానీ కానుపు అయ్యాక పోయిందన్నారు, అది చెప్పాలో లేదో తెలియదు."

అమ్మా,

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఆ చివరిదే. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరు రాత్రిళ్లు నిద్రపోకుండా ఆలోచిస్తున్న దానికి జవాబు చెప్పాలి.

ఇది మీ తప్పు వల్ల వచ్చిన జబ్బు కాదు. ఎవరి నుంచో అంటించుకు వచ్చిన జబ్బూ కాదు. మీకున్నది నిజంగా యీస్ట్ ఇన్ఫెక్షనే అయితే, దానికి కారణమైన కాండిడా అనే శిలీంధ్రం నోట్లో, పేగుల్లో, యోనిలో మనతో పాటే కాపురం చేస్తూ ఉంటుంది. ఏ బాధా లేని ఆడవాళ్లలో కూడా నూటికి పది నుంచి ఇరవై మందిలో పరీక్ష చేస్తే అది కనిపిస్తుంది. జీవితంలో ఒక్కసారైనా ఈ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్లు నూటికి 75 మంది వరకు ఉంటారని వైద్య గ్రంథాలు చెబుతాయి. పెళ్లికాని అమ్మాయిలకు వస్తుంది, గర్భిణులకు ఇంకా తరచుగా వస్తుంది. దీన్ని సుఖవ్యాధుల లెక్కలో వేయరు. భర్తకు దురద, ఎర్రదనం లాంటివి ఉంటే తప్ప ఆయనకు చికిత్స కూడా అక్కర్లేదు. మీ ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే: ఎక్కడి నుంచీ రాలేదు, ఒంట్లో ఉన్నదే అదుపు తప్పింది. ఎందుకు తప్పిందన్నదే మనం తేల్చుకోవాల్సింది.

ఇక పెరుగు సంగతి. మీరు సైన్సు టీచరు కాబట్టి కాస్త లోపలికి వెళ్లి చెబుతాను.

1892లో ఆల్బర్ట్ డోడర్లీన్ అనే జర్మన్ డాక్టర్, ఆరోగ్యంగా ఉన్న స్త్రీల యోనిలో కడ్డీల్లాంటి బాక్టీరియా ఉంటాయనీ, అవి ఆమ్లాన్ని తయారుచేస్తాయనీ రాశాడు. వాటినే ఇప్పుడు లాక్టోబాసిల్లస్ అంటున్నాం. ఈడొచ్చాక ఈస్ట్రోజెన్ హార్మోన్ వల్ల యోని గోడల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ అవుతుంది. దాని నుంచి వచ్చే చక్కెరలను తిని ఈ బాక్టీరియా లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తాయి. అందుకే అక్కడ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. పెరుగు పులుపూ దాదాపు ఆ లెక్కలోనే ఉంటుంది. పెరుగులోనూ లాక్టోబాసిల్లస్, ఇక్కడా లాక్టోబాసిల్లస్. ఇంకేం, పెరుగు తింటే సరిపోతుందనిపించడం సహజం. ప్రపంచమంతా ఆడవాళ్లు అలాగే అనుకున్నారు, డాక్టర్లూ చాలామంది అనుకున్నారు.

చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, పేరు ఒకటే అయినా జాతులు వేరు. యోనిలో ఉండేవి ముఖ్యంగా క్రిస్పాటస్, జెన్సెనీ, గాసెరీ, ఐనర్స్ అనేవి. డెయిరీ పెరుగులో ఉండేవి బల్గారికస్, దానికి తోడుగా స్ట్రెప్టోకోకస్ థెర్మోఫిలస్. మనింట్లో తోడుపెట్టిన పెరుగులోనైతే లాక్టోకోకస్, ల్యూకోనోస్టాక్ లాంటివి కలగలిసి, ఇంటింటికీ ఒక రకంగా ఉంటాయి. పెరుగులోని బాక్టీరియాకు పాలు ఇల్లు. యోనిలో అవి చుట్టాల్లా వచ్చి పోతాయి తప్ప స్థిరపడవు.

రెండోది ఇంకా ముఖ్యం. యీస్ట్ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు చాలామందిలో ఆ మంచి బాక్టీరియా అక్కడే ఉంటాయి, పీహెచ్ కూడా మామూలుగానే ఉంటుంది. కాండిడాకు పులుపంటే భయం లేదు, ఆ ఆమ్లంలోనే హాయిగా పెరుగుతుంది. లాక్టోబాసిల్లస్ తగ్గిపోయి, పీహెచ్ 4.5 దాటి, చేపల వాసన వచ్చే పల్చటి బూడిద రంగు డిశ్చార్జ్ అయ్యేది వేరే సమస్య. దాని పేరు బాక్టీరియల్ వెజైనోసిస్. మంచి బాక్టీరియాను తిరిగి నింపాలన్న ఆలోచన ఆ సమస్యకే బాగా అతుకుతుంది. 2020లో అమెరికాలో క్రిస్పాటస్ జాతినే మందుగా తయారుచేసి, యాంటీబయోటిక్ తర్వాత యోనిలో వాడి చూశారు. 12 వారాల్లో ఆ సమస్య తిరగబెట్టింది మందు వాడినవాళ్లలో నూటికి 30 మందికి, వాడనివాళ్లలో 45 మందికి. అక్కడ పనిచేసింది పెరుగు కాదు, ఆ చోటికి చెందిన బాక్టీరియా. పైగా అది మీకున్న సమస్యకు కాదు.

మరి పెరుగు తిన్న ఆ రెండు నెలలు ఎందుకు బాగున్నారు? పెరుగు వల్ల కొంత మేలు జరిగి ఉండవచ్చు, నేను కాదనను. 1992లో న్యూయార్క్‌లో ఒక చిన్న అధ్యయనం చేశారు. పదేపదే యీస్ట్ వచ్చే 33 మందిని తీసుకుని, ఆరు నెలలు రోజూ ఒక పెద్ద కప్పు పెరుగు తినమన్నారు, ఆరు నెలలు మానమన్నారు. పెరుగు తిన్న ఆరు నెలల్లో సగటున ఒకరికి 0.38 సార్లు వస్తే, తినని ఆరు నెలల్లో 2.54 సార్లు వచ్చింది. ఇప్పటికీ పెరుగు వైద్యం గురించి చెప్పేవాళ్లంతా చూపించేది దీన్నే. కానీ చివరిదాకా నిలిచింది 13 మంది. ముందు పెరుగు తిన్నవాళ్లలో ఎనిమిది మంది, ఇక మానమంటే ఒప్పుకోలేదు! వాళ్లను నేను తప్పుపట్టను, ఆ దురద ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ తప్పుపట్టరు. కానీ 13 మంది లెక్క మీద ఒక వైద్యాన్ని నిలబెట్టలేం. 2004లో ఆస్ట్రేలియాలో 235 మందితో ఇంకో అధ్యయనం జరిగింది. యాంటీబయోటిక్ వాడుతున్న స్త్రీలకు లాక్టోబాసిల్లస్‌ను నోటి ద్వారా, యోని ద్వారా ఇచ్చి, తర్వాత వచ్చే యీస్ట్‌ను ఆపగలదేమో చూశారు. ఆపలేదు. మీకు జరిగింది కూడా సరిగ్గా ఇదే. గొంతు నొప్పికి అయిదు రోజులు యాంటీబయోటిక్ వాడారు, పెరుగు తింటూనే ఉన్నారు, అయినా వచ్చింది. మీరు తినడంలో లోపమేమీ లేదు.

ఇలాంటి అధ్యయనాలు పది కలిపి 2017లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ వాళ్లు పరిశీలించారు. ఫంగస్ మందుతో పాటు ప్రోబయోటిక్ ఇస్తే తగ్గేవాళ్ల సంఖ్య కాస్త పెరగవచ్చు, ఒక నెలలోపు తిరగబెట్టడం తగ్గవచ్చు, కానీ ఆ అధ్యయనాల నాణ్యత తక్కువ కాబట్టి గట్టిగా చెప్పలేమన్నారు. "మందుతో పాటు" అన్న మాట గుర్తుపెట్టుకోండి.

కాబట్టి పెరుగు తినండి. కాల్షియం వస్తుంది, ప్రోటీన్ వస్తుంది, కడుపు చల్లగా ఉంటుంది. బతికున్న బాక్టీరియా కోసమే తినేటట్టయితే ఒకటి రెండు సంగతులు తెలుసుకోవాలి. మజ్జిగ పులుసు మరిగాక అందులో బతికున్న బాక్టీరియా ఉండదు. ఇడ్లీ, దోశ పిండి పులిసేదే కానీ ఆవిరి మీద, పెనం మీద అవి చచ్చిపోతాయి. పొగలు కక్కే అన్నంలో పెరుగు కలిపినా చాలావరకు అంతే. ఆవకాయను కొందరు ప్రోబయోటిక్ అంటున్నారు. ఉప్పు, ఆవపిండి, నూనె వేసి నిలవ ఉంచే పచ్చడి మీద ఆ నమ్మకం పెట్టుకోకండి. మీ తరవాణి, చల్లటి పెరుగన్నం, పల్చటి మజ్జిగ, వీటిలో మాత్రం అవి సజీవంగానే ఉంటాయి. పంచదార వేసిన లస్సీలు, ఫ్లేవర్లు కలిపిన పెరుగు కప్పులు మాత్రం వద్దు, ముఖ్యంగా మీకు. ఎందుకో కిందే చెబుతాను.

మీరు కొంటున్న గుళికల అట్ట మీద ఏ బాక్టీరియా పేరు ఉందో చూడండి. మన దగ్గర అమ్మే చాలా గుళికల్లో "లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్" అని ఉంటుంది. అది లాక్టోబాసిల్లస్ కాదు, బాసిల్లస్ కోయాగ్యులన్స్ అనే వేరే బాక్టీరియా. ఇంకొన్నిటిలో సాకరోమైసెస్ బౌలార్డీ ఉంటుంది, అది స్వయంగా ఒక యీస్ట్. ఇవి విరేచనాలకు రాసే మందులు. హాని చేయవు కానీ మీ సమస్యకు వాటితో పని లేదు. ఆ డబ్బు దాచుకుంటే రక్త పరీక్షకు వస్తుంది.

పెరుగు లోపల పెట్టుకోవడం మాత్రం ఇక వద్దమ్మా. ఇంటి పెరుగులో మంచి బాక్టీరియాతో పాటు గిన్నెలో, గాలిలో, చేతి మీద ఉన్నవన్నీ ఉంటాయి, రకరకాల యీస్ట్‌లు కూడా ఉంటాయి. అప్పటికే గీరుకుని పుండుపడ్డ చర్మం మీద అది ఉప్పు రాసినట్టే. దూది పోగులు లోపలే ఉండిపోతే ఇంకో ఇన్ఫెక్షన్. ఇవే వీడియోల్లో వెల్లుల్లి రెబ్బ పెట్టుకోమని కూడా చెబుతున్నారు. వెల్లుల్లి నలిగితే చర్మం నిజంగానే కాలి బొబ్బలెక్కుతుంది. మీరు అంతదాకా వెళ్లనందుకు నాకు ఊరటగా ఉంది.

ఇప్పుడు ఆ చివరి వాక్యం.

కానుపులో వచ్చిన షుగర్ కానుపయ్యాక పోయిందని మీకు చెప్పినవాళ్లు సగమే చెప్పారు. పోతుంది. కానీ అలా ఒకసారి వచ్చినవాళ్లకు తర్వాత సంవత్సరాల్లో అసలు షుగర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా చాలా ఎక్కువ. అందుకే కానుపైన ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఒకసారి, ఆ తర్వాత ఒకటి నుంచి మూడేళ్లకొకసారి జీవితాంతం పరీక్ష చేయించుకోవాలి. మీ చిన్నబాబుకి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో ఒక్కసారైనా పరీక్ష చేయించినట్టు మీరు రాయలేదు. షుగర్ అదుపులో లేనప్పుడు ఒంట్లో, మూత్రంలో గ్లూకోజ్ పెరుగుతుంది, కాండిడాకు మేత దొరుకుతుంది, దాన్ని ఆపే రోగనిరోధక కణాలు మందగిస్తాయి. తెలియని షుగర్ బయటపడే దారుల్లో పదే పదే వచ్చే యీస్ట్ ఇన్ఫెక్షన్ ఒకటి. మా ఓపీలో దురదకని వచ్చి, షుగర్ రిపోర్టు పట్టుకుని వెళ్లినవాళ్లను చూశాను. మీకు షుగర్ ఉందని నేననడం లేదు. ఉందో లేదో తెలియకుండా ఎంత పెరుగు తిన్నా, ఎన్ని మాత్రలు మింగినా చిల్లు కుండలో నీళ్లు పోస్తున్నట్టే అవుతుందేమో అని నా బాధ.

పరీక్ష చాలా తేలిక. పరగడుపున రక్తంలో చక్కెర, దాంతో పాటు హెచ్‌బీఏ1సీ, అంటే గడిచిన రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్త పరీక్ష. పరగడుపున 126 లేదా అంతకు మించి, హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకు మించి వస్తే షుగర్ ఉన్నట్టు. దీనికి ఏ డాక్టర్ ముందూ సిగ్గుపడాల్సిన పని లేదు, కారణం చెప్పాల్సిన పని కూడా లేదు. స్కూలుకి వెళ్లే ముందు ల్యాబ్‌లో రక్తం ఇచ్చి వెళ్లవచ్చు.

ఒక పక్క మాట. ఇది చదివే వేరేవాళ్లలో ఇప్పటికే షుగర్‌కి మందులు వాడుతున్నవాళ్లు ఉండవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు గ్లూకోజ్‌ను మూత్రంలోకి పంపి షుగర్ తగ్గిస్తాయి. మంచి మందులే, గుండెకూ కిడ్నీలకూ మేలు చేస్తాయి. కానీ వాటితో ఈ దురద రావడం మామూలు. వచ్చిందని మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టర్‌కి చెప్పండి.

ఇప్పుడు మీ ముందు ఏ దారులున్నాయో చూద్దాం.

మందు ముట్టకుండా పెరుగుతోనే ఉండిపోవచ్చు. యీస్ట్ ఇన్ఫెక్షన్ గర్భసంచికి పాకి పిల్లలు పుట్టకుండా చేసేది కాదు, ప్రాణం మీదకు తెచ్చేదీ కాదు. కాబట్టి భయపెట్టి మిమ్మల్ని ఆ దారి మాన్పించను. కానీ దురదతో చర్మం గీరుకుపోవడం, నిద్ర లేకపోవడం, భర్తకు దూరం కావడం ఇవన్నీ నడుస్తూనే ఉంటాయి. వెనక షుగర్ ఉంటే అది ఈలోగా తన పని తాను చేసుకుపోతుంది.

మళ్లీ మెడికల్ షాపుకే వెళ్లవచ్చు. ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి గానీ, యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు గానీ మామూలు యీస్ట్‌కి సరైన మందులే, చాలామందికి వీటితో తగ్గుతుంది. అయితే అది యీస్టేనని మనకెలా తెలుసు? అమెరికాలో తమకు యీస్టేనని నమ్మి సొంతంగా షాపులో మందు కొంటున్న 95 మందిని పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. నిజంగా ఒక్క యీస్టే ఉన్నవాళ్లు మూడో వంతు. మిగతావాళ్లకు బాక్టీరియల్ వెజైనోసిస్, ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి, రెండు మూడు కలిసి ఉండటం, కొందరికి అసలు ఇన్ఫెక్షనే లేకపోవడం. మన భాషలో అన్నిటికీ కలిపి "తెల్లబట్ట" అని ఒకటే మాట ఉంది. నెల మధ్యలో అండం విడుదలయ్యేటప్పుడు గుడ్డు తెల్లసొనలా సాగే స్రావం కూడా తెల్లబట్టే, జబ్బు వల్ల వచ్చేదీ తెల్లబట్టే. మీ అత్తయ్యగారు "అందరికీ ఉండేదే" అన్నది మొదటి దాని విషయంలో నిజం. దురద, మంట ఉన్నప్పుడు కాదు. తెల్లబట్టలో ఎముకలు కరిగి పోతాయనీ, ఒంట్లో బలమంతా పోతుందనీ ఇంకా చాలామంది భయపడతారు. అలాంటిదేమీ జరగదు.

షాపులో ఇచ్చిన ఆ క్రీమ్ గురించి కూడా చెప్పాలి. రాసిన రోజే హాయి, మానేసిన వారానికి మళ్లీ మొదలు అంటే అందులో స్టిరాయిడ్ ఉండి ఉంటుందని నా అనుమానం. ఫంగస్ మందు, యాంటీబయోటిక్, గట్టి స్టిరాయిడ్ మూడూ కలిపిన క్రీములు మన దగ్గర చీటీ లేకుండానే దొరుకుతున్నాయి. స్టిరాయిడ్ దురదను అణిచేస్తుంది, ఫంగస్‌ను లోలోపల పెంచుతుంది, ఆ సున్నితమైన చర్మాన్ని పల్చబరుస్తుంది. ట్యూబు ఇంకా ఉంటే పేరు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్ అని కనిపిస్తే ఇక రాసుకోకండి.

నేను కోరుకునే దారి ఒక్కసారి పరీక్ష చేయించుకోవడం. ఏడాదిలో మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ వస్తే దాన్ని పదేపదే వచ్చే యీస్ట్ ఇన్ఫెక్షన్ అంటారు, దాని చికిత్స వేరు. మీకు నాలుగుసార్లు వచ్చింది. డాక్టర్ చిన్న దూది పుల్లతో స్రావం తీసి పీహెచ్ చూస్తారు, మైక్రోస్కోప్ కింద చూస్తారు, అవసరమైతే కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో ఆ సూక్ష్మజీవిని పెంచి ఏ రకమో చూడటానికి, పంపుతారు. కల్చర్ ఎందుకంటే, కాండిడా అల్బికన్స్ కాకుండా గ్లాబ్రాటా అనే రకమైతే ఫ్లూకొనజోల్‌కి సరిగా లొంగదు, మందు మార్చాలి. దురద మొదలవగానే, ఏ మాత్రా వేసుకోకముందే వెళ్తేనే పరీక్షలో సరిగా తెలుస్తుంది. మీ విషయంలో అది ఇప్పుడే.

మామూలు కాండిడానే అని తేలితే, రోజు విడిచి కాదు, మూడు రోజులకొకటి చొప్పున మూడు ఫ్లూకొనజోల్ మాత్రలు, ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఆరు నెలలు ఇస్తారు. 2004లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో ఇలా వాడినవాళ్లలో ఆరు నెలల చివర నూటికి 90 మందికి ఇన్ఫెక్షన్ లేదు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 36 మందికే లేదు. మందు ఆపిన ఇంకో ఆరు నెలలకు మాత్రం ఆ 90 కాస్తా 43 అయింది. అంటే ఈ మందు కూడా శాశ్వతంగా పోగొడుతుందని చెప్పలేం. కానీ ఆ ఆరు నెలల ఊపిరిలో కారణం వెతుక్కోవచ్చు. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఈ మాత్ర వద్దు, అప్పుడు ఏడు రోజులు పైపూత మందులే ఇస్తారు. షుగర్‌కి గ్లిమిపిరైడ్ లాంటివి, కొలెస్ట్రాల్ మాత్రలు, రక్తం పల్చబరిచేవి వాడుతుంటే ముందే డాక్టర్‌కి చెప్పాలి. లోపల పెట్టుకునే క్రీములు వాడే రోజుల్లో కండోమ్ మీద ఆధారపడవద్దు, వాటిలోని నూనె రబ్బరును బలహీనం చేస్తుంది.

మగ డాక్టర్ అన్న మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. రెండు మార్గాలున్నాయి. పరీక్ష చేసేటప్పుడు నర్సు పక్కన ఉండాలని అడగండి, అది మీ హక్కు, ఏ మంచి డాక్టరూ కాదనరు. లేదా స్వాబ్, అంటే దూది పుల్లతో తీసే ఆ నమూనా, మీరే తీసుకుంటానని అడగండి. మీరే తీసిన నమూనా కూడా పరీక్షకు పనికొస్తుంది. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, పరీక్ష, మందులు ఉచితం. అది సుఖవ్యాధులకే అనుకుని చాలామంది అటువైపు చూడరు. ఇలాంటి మామూలు ఇన్ఫెక్షన్లకు కూడా అది పనికొస్తుంది.

గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా యాంటీబయోటిక్ వాడుతున్నారా? అరిచి అరిచి పాఠం చెప్పే టీచర్లకు గొంతు పోవడం మామూలే. అందులో ఎక్కువ భాగం వైరస్ వల్లనో, గొంతు అలిసిపోవడం వల్లనో వచ్చేవి, యాంటీబయోటిక్‌తో పని లేనివి. ఉప్పునీళ్ల పుక్కిలింత, రెండు రోజుల మౌనం చాలు. నిజంగా అవసరమై డాక్టర్ రాస్తే, "నాకు దీని తర్వాత యీస్ట్ వస్తుంది" అని చెప్పండి. ముందు జాగ్రత్తగా మాత్ర రాస్తారు. మీ కథలో పెరుగు కన్నా దీని వల్లే ఎక్కువ తేడా రావచ్చు.

లోపల సబ్బు, డెట్టాల్, ఇంటిమేట్ వాష్ ఏవీ వద్దు. బయట మామూలు నీళ్లు చాలు. ఇంకొకటి అడగాలి, ఏమీ అనుకోకండి. లోదుస్తులు ఎక్కడ ఆరేస్తున్నారు? చాలా ఇళ్లలో ఎవరి కంటా పడకూడదని బాత్‌రూమ్‌లో, చీర కిందో తువ్వాలు కిందో దాచి ఆరేస్తారు. అవి సగం తడిగానే మళ్లీ ఒంటి మీదికి వస్తాయి. మన ఉక్కపోతలో అసలే చెమట. డాబా మీద ఎండలో ఆరేయండి. మీ అత్తయ్యగారికి ఇబ్బందైతే ఆ ఒక్క విషయంలో ఆవిడతో మెత్తగా మాట్లాడండి. ఆవిడ కాచే బార్లీ నీళ్లు మాత్రం తాగండి. అవి ఇన్ఫెక్షన్ తగ్గించవు, కానీ స్కూల్లో బాత్‌రూమ్‌కి వెళ్లలేక నీళ్లు మానేసేవాళ్లకు ఆ నీళ్లు మంచివే. పైగా ఆ ఇంట్లో మీ బాధ చూసి ఏదో ఒకటి చేస్తున్నది ఆవిడే.

మీ ఆయన ఆ మాట అనుమానంతో అన్నారో, భయంతో అన్నారో నాకు తెలియదు. మీకూ తెలియదు, ఎందుకంటే మీరిద్దరూ ఆ తర్వాత మాట్లాడుకోలేదు. తెలియక అడిగి ఉంటే, ఆ మౌనంలో ఆయన కూడా ఏదో ఊహించుకుంటూ ఉండి ఉంటారు. అలసిపోయిన రాత్రి కాకుండా, పిల్లలు లేని ఒక ఆదివారం పూట చెప్పండి: "ఇది ఎవరి నుంచో అంటుకున్నది కాదండీ, యాంటీబయోటిక్ వల్లో షుగర్ వల్లో వస్తుందట. పరీక్షకు వెళ్తున్నాను, మీరూ రండి." వస్తే డాక్టర్ నోటి మీదుగానే వింటారు. రానంటే, లేదా నిజంగానే అనుమానమని తేలితే, అది వేరే సంగతి, దానికి మందు నా దగ్గరా లేదు, డాక్టర్ దగ్గరా లేదు. అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఈలోగా దురద తగ్గేవరకు కలయిక వద్దు, నొప్పి పెరుగుతుంది. పడక మాత్రం పిల్లల గదిలోనే ఉండాలన్న నియమం లేదు.

జ్వరం, పొత్తికడుపులో నొప్పి, దుర్వాసన, రక్తం, నీటి పొక్కులు లాంటివి కనిపిస్తే రోజులు లెక్కపెట్టకుండా అదే రోజు వెళ్లండి.

లేడీ డాక్టర్ దగ్గరికే వెళ్లాలనుకుంటే ఆ నలభై కిలోమీటర్లు వెళ్లండి, ఒక రోజు జీతం పోతే పోనీయండి. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద నాలుగుసార్లు ఎప్పుడెప్పుడు వచ్చిందో, ప్రతిసారీ ముందు ఏ మందు వాడారో, తర్వాత ఏం వాడారో రాసుకోండి. క్రీమ్ ట్యూబు, గుళికల అట్ట సంచిలో వేసుకోండి. కాగితం పైన, మొదటి వరసలోనే, మీరు చివర్లో రాసిన ఆ వాక్యం రాయండి: రెండో కానుపులో షుగర్ వచ్చింది.